సంతకాన్ని చివర్న చూడండి

1960ల ఇంగ్లండు పాప్ బృందం బీటిల్స్ నలుగురి (జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్) సంతకాలూ ఉన్న కాగితం చేతికొస్తే ఎవరి కళ్ళైనా ముందు ఆ పేర్ల మీదికే పోతాయి. నకిలీ చేసేవాడికి కావలసింది అదే. వాడి సాధనంతా ఆ నాలుగు పేర్ల మీదే సాగింది. కాగితం మీద, ఎల్‌పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కవరు మీద, ఫోటో వెనక వైపు మీద అంత శ్రద్ధ పెట్టడు. పెట్టినా, అరవై ఏళ్ళ అరుగుదలను పుట్టించడం సంతకాన్ని కాపీ కొట్టడం కంటే కష్టం. కాబట్టి మనం చూసే వరుస తిరగబడాలి: ముందు వస్తువు, తర్వాత తేదీ, ఆ తర్వాత ఇంకు, అన్నిటికీ చివర్న రాత.

ఈ వరుసకి ఇంకో కారణం కూడా ఉంది. చిరుగు అతికించడం, మరక తీయడం, మడత సాపు చెయ్యడం లాంటి మరమ్మతులేవీ పరీక్ష పూర్తయ్యేదాకా మొదలుపెట్టకూడదు. నిజమో కాదో చెప్పే ఆనవాళ్ళు సరిగ్గా ఆ మురికిలో, ఆ మడతలో, ఆ అరిగిన అంచులోనే ఉంటాయి. శుభ్రం చేసి తెచ్చిన కాగితం చూడ్డానికి బాగుంటుంది, సాక్ష్యం చెప్పడానికి పనికిరాదు.

ఫ్రేములో ఉంటే ముందు బయటికి తీయించండి. అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడితో వదిలెయ్యడమే మంచిది. నాలుగు వేర్వేరు కాగితాల మీంచి కత్తిరించిన ముక్కల్ని ఒకే అట్ట కిటికీల వెనక పెట్టి, మధ్యలో ఒక ఫోటో అమర్చి "ఒకే సెట్" అని అమ్మడం మామూలే. అట్ట తీస్తే ఒకటి గులాబీ రంగు ఆల్బమ్ కాగితం, ఇంకోటి గీతల నోట్‌బుక్ కాగితం అని తెలిసిపోతుంది. అవి నాలుగూ నిజమైనవే అయినా, నలుగురూ ఒకే కాగితం మీద పెట్టిన సెట్ విలువ వాటికి రాదు.

ఇక తేదీలు. ఇవి పైసా ఖర్చు లేని పరీక్ష, అయినా చాలామంది చెయ్యరు. రింగో బృందంలోకి వచ్చింది 1962 ఆగస్టులో. అంతకుముందు డ్రమ్ములు వాయించింది పీట్ బెస్ట్. కాబట్టి 1962 వేసవి మొదట్లో తీసుకున్నామని చెప్పే కాగితం మీద రింగో పేరు కనబడితే కథ అక్కడే తెగిపోయింది. మొదటి ఎల్‌పీ 'ప్లీజ్ ప్లీజ్ మీ' విడుదలైంది 1963 మార్చి 22న. బృందం కచేరీల పర్యటనలు మానేసింది 1966 ఆగస్టు 29 తర్వాత. ఎక్కువగా ఈ మూడున్నరేళ్ళలోనే, అందులోనూ 1963లో, థియేటర్ల వెనక గుమ్మాల దగ్గర అభిమానులకు నలుగురూ కలిసి దొరికారు. 1963 కాగితాలు ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే.

'సార్జెంట్ పెప్పర్' ఎల్‌పీ వచ్చింది 1967లో, 'ఆబీ రోడ్' 1969 సెప్టెంబరులో. అప్పటికి నలుగురూ కలిసి అభిమానుల ముందుకు రావడమే అరుదు. 'లెట్ ఇట్ బీ' విడుదలైన 1970 మే నాటికి బృందం విడిపోయింది. అయినా సంతలో ఏ కవర్ల మీద నాలుగు సంతకాలు తరచుగా ప్రత్యక్షమవుతాయో తెలుసా? సరిగ్గా వీటి మీదే. కొనేవాళ్ళు గోడకు తగిలించాలనుకునే కవర్లు అవే గనక, నకిలీ కూడా అక్కడికే చేరుతుంది. అరుదుగా ఉండాల్సినది విరివిగా దొరుకుతోందంటే అనుమానించాలి. జాన్ లెనన్ సంతకంతో 'డబుల్ ఫాంటసీ' కూడా అంతే: రికార్డు వచ్చింది 1980 నవంబరు 17న, ఆయన హత్య జరిగింది డిసెంబరు 8న. మధ్యలో ఉన్నది మూడు వారాలు.

మన దేశంతో ముడిపెట్టే కథలకూ ఇదే కొలత. 1966 జూలైలో మనీలా నుంచి ఇంగ్లండు తిరిగి వెళ్తూ బీటిల్స్ ఢిల్లీలో ఆగిన మాట నిజం. 1968లో ఋషీకేశ్ ఆశ్రమానికి వచ్చిన మాటా నిజం. అయితే ఫిబ్రవరి మధ్యలో ముందు జాన్, జార్జ్ వచ్చారు, కొద్ది రోజులకు పాల్, రింగో చేరారు. రింగో మార్చి 1న వెళ్ళిపోయాడు, పాల్ మార్చి ఆఖర్లో, మిగిలిన ఇద్దరూ ఏప్రిల్ 12న. నలుగురూ అక్కడ కలిసి ఉన్నది దాదాపు పది రోజులే. "ఏప్రిల్ 1968, ఋషీకేశ్" అని రాసి, కింద నాలుగు సంతకాలున్న పోస్టుకార్డు ఎంత ముచ్చటగా ఉన్నా సరే, దాన్ని భూతద్దం కింద పెట్టే పని కూడా లేదు.

తేదీ కుదిరితే వస్తువు దగ్గరికి రావాలి. 1960 దశకపు బ్రిటిష్ ఎల్‌పీ కవర్లకు ముందు వైపు నున్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది, వెనక వైపు పొర లేని తెల్లకాగితం. ముందు వైపు కాగితపు అంచుల్ని వెనక్కి మడిచి అతికిస్తారు. ఆ మడతలు వెనక మూడు వైపులా కనబడతాయి. నున్నని పొర మీద ఆనాటి బాల్‌పెన్ సరిగ్గా రాయదు, జారి మధ్యమధ్య తెగిపోతుంది. అందుకే నిజమైన సంతకాలు ఎక్కువగా కవరు వెనక, తెల్లకాగితం మీద కనబడతాయి. 'విత్ ద బీటిల్స్' ముందు బొమ్మ దాదాపు అంతా నలుపు. దాని మీద వెండిరంగు పెయింట్ మార్కర్‌తో మెరిసే నాలుగు సంతకాలు చూపించి "1964లో పెట్టించాం" అంటే నమ్మనక్కర్లేదు. అలాంటి మార్కర్లు సంతకాల సరదాలోకి వచ్చింది చాలా తర్వాత.

ఇప్పుడు అసలు పరీక్ష. 10 రెట్ల భూతద్దం చాలు, 40 రెట్ల చేతి మైక్రోస్కోపు ఉంటే ఇంకా మంచిది. లోపలి రికార్డు ఒరుసుకుని కవరు మీద గుండ్రటి అరుగుడు పడుతుంది. సంతకం గీత ఆ అరుగుడును దాటే చోటు వెతకండి. సంతకం పాతదైతే, అరుగుడు కాగితంతో పాటు ఇంకును కూడా గీకేసి ఉంటుంది: గీత ఆ చోట పలచబడి, ఎత్తుగా ఉన్న కాగితపు పోగుల మీద మాత్రం తెగి ఉంటుంది. సంతకం తర్వాత పెట్టినదైతే, ఇంకు ఆ గీకుడు లోపలికి దిగి, లేచిన పోగులకు పట్టుకుని ముదురుగా కనిపిస్తుంది. మడతల దగ్గరా ఇంతే. మడత ముందు, సంతకం తర్వాత అయితే, విరిగిన కాగితపు పోగుల్లోకి ఇంకు పక్కలకు పాకుతుంది. బాల్‌పెన్ కంటే ఇంకుపెన్నులో, స్కెచ్‌పెన్నులో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 1963 నాటి సంతకం 1980ల నాటి మడత మీద పాకడం అసాధ్యం. ఈ ఒక్క పరీక్ష వంద సర్టిఫికెట్ల పెట్టు అంటాను.

ఆటోగ్రాఫ్ పుస్తకం అయితే అదృష్టమే. మూలలు గుండ్రంగా కత్తిరించి, గులాబీ, లేతాకుపచ్చ, పసుపు రంగు కాగితాలు కలిపి కుట్టిన చిన్న పుస్తకాలు ఆనాటి ఇంగ్లండులో పిల్లల చేతుల్లో ఉండేవి. మిగతా పేజీలు తిప్పి చూడాలి. 1963 ఫిబ్రవరిలో బీటిల్స్ గాయని హెలెన్ షాపిరో పర్యటనలో పాడారు, మే 18 నుంచి జూన్ 9 దాకా అమెరికా గాయకుడు రాయ్ ఆర్బిసన్‌తో కలిసి తిరిగారు. పక్క పేజీల్లో అదే పర్యటనలో పాడినవాళ్ళ సంతకాలుంటే, ఒక పేజీ ఇంకు ఎదుటి పేజీ మీద లేతగా అచ్చు పడి ఉంటే, ఆ పుస్తకం తనకు తానే సాక్షి. ఎక్కువ డబ్బొస్తుందని ఆ ఒక్క పేజీని చింపి అమ్మినవాళ్ళు ఆ సాక్షినే చంపుకున్నారు.

ఫోటో అయితే తిప్పి వెనక చూడాలి. 1960లలో ఫోటోలు అచ్చువేసింది మామూలు కాగితం మీద: వెనక వైపు పీచుపీచుగా తగులుతుంది, పెన్సిలు చక్కగా పడుతుంది, కొద్దిగా వంకర తిరిగి ఉంటుంది. రెండువైపులా ప్లాస్టిక్ పూత ఉండే ఫోటో కాగితం విరివిగా వాడకంలోకి వచ్చింది 1970 దశకం మొదట్లో. వెనక నున్నగా, ప్లాస్టిక్‌లా జారిపోతుంటే అది తర్వాత తీసిన ప్రింటు. దాని మీద 1964 సంతకం ఉండదు.

అతినీలలోహిత దీపం గురించి రెండు ముక్కలు. కొనేది 365 నానోమీటర్లది అయ్యుండాలి. కరెన్సీ నోట్లు చూసే చవక టార్చీలు ఎక్కువగా 395 నానోమీటర్లవి. వాటి ఊదా వెలుతురే కళ్ళకు కమ్మేసి, కాగితం మెరుపును కనబడనివ్వదు. కాగితాన్ని తెల్లగా చూపించే మెరుపు రసాయనాలు 1950 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చాయి, ఈ దీపం కింద అవి నీలితెలుపుగా వెలుగుతాయి. 1921లో పోయిన ఇటలీ ఒపెరా గాయకుడు ఎన్రికో కరూసో సంతకం అలా వెలిగే కాగితం మీద ఉంటే ఇక మాటల్లేవు. బీటిల్స్ కాగితానికి మాత్రం ఈ పరీక్ష అంత తీర్పునివ్వదు, 1963 నాటికే అలాంటి కాగితాలు ఉండేవి. అక్కడ దీపం చేసే మేలు వేరు: చెరిపిన రాతలు, అతికించిన జాగాలు, రంగు పూసిన అంచులు బయటపడతాయి. "మేరీకి ప్రేమతో" లాంటి పేరును చెరిపేస్తే సంతకం ఎక్కువకు అమ్ముడవుతుందని కొందరు రబ్బరుతోనో బ్లేడుతోనో గీకుతారు. గీకిన చోట కాగితపు పై పూత పోయి దీపం కింద మచ్చగా తేలుతుంది. కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఆ జాగా పలచగా, దీపాన్ని పక్కనుంచి వాలుగా వేస్తే గరుకుగా కనిపిస్తుంది.

ఇంకు దగ్గరికొస్తే, 1963 సంతకాల్లో ఎక్కువభాగం నీలి బాల్‌పెన్. బాల్‌పెన్ బంతి దొర్లేటప్పుడు గీతలో సన్నని ఖాళీ చారలు మిగులుతాయి. వంపు తిరిగే చోట అవి లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు, పెన్ను కదిలిన దిక్కులోనే సాగుతాయి. అంటే పెన్ను ఎటు నుంచి ఎటు పోయిందో గీతే చెబుతుంది. నమూనాల్లో ఒక అక్షరం చుట్టు ఎడమ నుంచి తిరిగితే, మన చేతిలో ఉన్నది కుడి నుంచి తిరిగితే, ఆకారం ఎంత కలిసినా అది వేరే చెయ్యి. ప్రయోగశాలలో బాల్‌పెన్ ఇంకులోని ఫినాక్సీఇథనాల్ అనే ద్రావణి ఎంత మిగిలిందో కొలుస్తారు. అది మొదటి కొన్ని నెలల్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా ఆవిరైపోతుంది. కాబట్టి నిన్నమొన్న రాసిన ఇంకును పట్టిస్తుంది గానీ 1963ను 1973 నుంచి విడదీయలేదు. పైగా అందుకోసం గీతలోంచి చిన్న చిన్న ముక్కలు తవ్వి తీయాలి. సంతకాన్ని కొరుక్కుతిని వయసు చెప్పే పరీక్ష అది, నా ఓటు దానికి ఉండదు.

అచ్చువేసిన సంతకం, రబ్బరు స్టాంపు, సంతకం యంత్రం అనే మూడింటినీ భూతద్దమే తేలుస్తుంది. అచ్చులో గీతలన్నీ ఒకే చదునుగా ఉంటాయి, పెన్ను నొక్కుడు పడదు, ఒక్కోసారి చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. స్టాంపులో ఇంకు అంచులకు నెట్టుకుపోయి, మధ్యలో లేతగా ఉంటుంది. యంత్రం గీసిన సంతకంలో ఒత్తిడి మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండి, మొదలైన చోట, ఆగిన చోట చిన్న చుక్క దిగుతుంది. అనుమానమొస్తే నమూనాను పారదర్శక కాగితం మీద తీసి దీని మీద పెట్టి చూడండి. మనిషి రెండుసార్లు చేసిన సంతకం అచ్చంగా ఒకదాని మీద ఒకటి కూర్చోదు. అక్షరం అక్షరం కలిసిపోతే సంతోషించాల్సింది కాదు, భయపడాల్సింది.

చివరికి రాత. ఇక్కడ అందరూ తడబడేది ఫోర్జరీ దగ్గర కాదు, మంచి మనసుతో పెట్టిన పరాయి సంతకం దగ్గర. బీటిల్స్ వెంట తిరిగిన నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ అభిమానుల రద్దీ తట్టుకోలేక నలుగురి తరఫునా వాళ్ళే సంతకాలు పెట్టి ఇచ్చేవాళ్ళు. అభిమాన సంఘం నుంచి వెళ్ళిన ఉత్తరాల్లోనూ ఇతరులు పెట్టినవి బోలెడు. బీటిల్స్‌లోనే ఒకరు మిగతావాళ్ళ పేర్లు రాసిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇవన్నీ ఆ కాలపు కాగితం మీద, ఆ కాలపు ఇంకుతో, నిజంగా ఆ థియేటరు దగ్గర తీసుకున్నవే. కాగితం, తేదీ, ఇంకు అన్నీ పాసవుతాయి. "మా అమ్మ స్వయంగా తెచ్చుకుంది" అన్న కుటుంబం అబద్ధమాడటం లేదు, పిల్లకు పుస్తకం థియేటరు లోపలి నుంచి సంతకాలతో తిరిగొచ్చింది, అంతే. అందుకే రాత పరీక్ష తప్పదు. నలుగురి పేర్లలో అక్షరాల వాలు, పేరుకూ పేరుకూ మధ్య ఎడం, చివరి తోక ఒకే తీరుగా ఉన్నాయా అని చూడండి. నలుగురు మనుషులు రాస్తే నాలుగు వేగాలు, నాలుగు ఒత్తిడులు ఉండాలి. పెన్ను ఒకటే కావచ్చు, చేతిలోంచి చేతికి మారిన పెన్నే అది. చెయ్యి ఒకటే కాకూడదు.

నకిలీ రాతలో దొరికేది భయం. పేరు రాయడం కాదు, పేరును బొమ్మగా గీయడం జరుగుతుంది. గీత నెమ్మదిగా పోతుంది గనక సన్నగా వణుకుతుంది, మొనలు మొద్దుగా ఆగుతాయి, పెన్ను ఎత్తకూడని చోట ఎత్తుతారు, మళ్ళీ దిద్దుతారు. నిజమైన సంతకంలో పెన్ను కాగితానికి తగలకముందే కదులుతూ ఉంటుంది, వదిలాక కూడా కదులుతుంది, మొనలు సూదిగా తేలిపోతాయి. పోల్చే నమూనాలు అదే సంవత్సరానివి కావాలి. 1963లో పూర్తిపేరు ఓపిగ్గా రాసిన చెయ్యి 1970ల్లో అలా రాయదు. రింగో విషయంలో ఇంకో గీటురాయి: 2008 అక్టోబరు 20 తర్వాత అభిమానుల నుంచి టపాలో వచ్చేవాటికి సంతకం చేయనని ఆయనే బహిరంగంగా ప్రకటించాడు. ఆ తర్వాత పోస్టులో పంపి సంతకం చేయించామనే వస్తువులకు దూరంగా ఉండాలి.

సర్టిఫికెట్ అనేది ఒక మనిషి అభిప్రాయం, అంతకుమించి ఏమీ కాదు. 1990 దశకంలో అమెరికాలో ఎఫ్‌బీఐ చేపట్టిన ఆపరేషన్ బుల్‌పెన్‌లో దొరికిన ముఠాలు నకిలీ సంతకాలతో పాటు వాటికి జోడీగా సర్టిఫికెట్లనూ నడిపాయి. సర్టిఫికెట్ ఎవరిచ్చారన్నది కాదు, ఏ కారణాలతో ఇచ్చారో అందులో రాశారా అన్నది చూడండి.

సరే, నిజమైనదే అని తేలింది. ఇప్పుడు మరమ్మతు. చెయ్యాల్సిన దానికంటే చెయ్యకూడనిదే పెద్ద పద్దు.

వెలిసిపోయిన సంతకం మీద మళ్ళీ దిద్దడం మరమ్మతు కాదు, ఫోర్జరీయే. ఒక్క అక్షరం దిద్దినా మిగతాదంతా అనుమానంలో పడుతుంది. రెండోది, లామినేషన్. మన ఊళ్ళలో సర్టిఫికెట్లూ ఫోటోలూ భద్రం చేసే పద్ధతిగా ఇదే స్థిరపడిపోయింది. వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగాక మళ్ళీ సురక్షితంగా వెనక్కి తీయడం దాదాపు కుదరదు. మూడోది సెల్లోటేపు. టేపు జిగురు మొదట మెత్తగా ఉంటుంది, తర్వాత పసుపెక్కి కాగితంలోకి పాకుతుంది, చివరికి గట్టిపడి పై పొర రాలిపోతుంది, మరక మిగిలిపోతుంది. జిగురులోని జిడ్డు బాల్‌పెన్ ఇంకును కరిగిస్తుంది. టేపు కింద ఉన్న సంతకం చుట్టూ నీలి నీడ కమ్మేది అందుకే. సంతకం మీద టేపు ఉంటే పీకకండి, ఇంకు టేపుతో పాటే లేచొస్తుంది. అది పరికరాలున్న కాగిత సంరక్షకుల పని. అంచున, సంతకానికి దూరంగా ఉన్న పాత టేపు అయితే, పై పొరను సన్నని వెచ్చని గరిటెతో లేపి, మిగిలిన జిగురును క్రేప్ రబ్బరుతో దొర్లించి తీయవచ్చు.

ఏ తడి పని చేసినా ముందు ఇంకు పరీక్ష చెయ్యాలి. సంతకం కింది గీత చివర, ఎక్కడో కంటికి ఆనని చుక్క దగ్గర, సన్నని కుంచెతో సూదిమొనంత నీటి చుక్క పెట్టి, 30 సెకన్లయ్యాక తెల్లని అద్దుడు కాగితంతో అద్దండి. రంగు అంటితే నీళ్ళ మాట మర్చిపోండి. స్కెచ్‌పెన్, ఇంకుపెన్ను నీలి సిరా దాదాపు ఎప్పుడూ ఇక్కడే తప్పుతాయి. బాల్‌పెన్ నీటికి నిలబడుతుంది గానీ స్పిరిట్‌కు, అసిటోన్‌కు ఒక్క క్షణం ఆగదు. అందుకే బాల్‌పెన్ సంతకం దగ్గర ఆల్కహాల్‌లో కలిపే జిగుర్లు కూడా వద్దు.

చిరుగుకు వాడేది గోధుమ స్టార్చ్ గంజి, జపాన్ కోజో కాగితం (మల్బరీ జాతి చెట్టు పీచుతో చేసే పలచని కాగితం). మైదా బంక కాదు: మైదాలో స్టార్చ్‌తో పాటు ఉండే జిగట పదార్థం పసుపెక్కుతుంది, పురుగుల్ని పిలుస్తుంది. ఫెవికాల్ లాంటి తెల్లబంక ఎండాక మళ్ళీ నీటితో రాదు, అది చాలు దాన్ని పక్కన పెట్టడానికి. ఒక వంతు స్టార్చ్‌కు నాలుగైదు వంతుల నీళ్ళు పోసి, సన్నని మంట మీద అరగంట పైన కలుపుతూ ఉడికించాలి. చల్లారాక రెండు మూడుసార్లు సన్నని జల్లెడలో వడకట్టి, పాలమీగడ చిక్కదనం వచ్చేదాకా నీళ్ళు కలపాలి. కోజో కాగితం చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాముల రకం చాలు, కవరు అంచు అతుకు విడిపోతే మాత్రం 20 గ్రాములు దాటిన మందం కావాలి. 5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని కత్తెరతో కోయకుండా, తడి కుంచెతో గీత గీసి చేత్తో లాగాలి. అంచు పీచులుగా విడితేనే అతుకు కనబడకుండా కలుస్తుంది. పట్టీని వెనక వైపే అతికించి, పైన పాలియెస్టర్ గుడ్డ, దానిపైన అద్దుడు కాగితం, ఆ పైన గాజుపలక, అరకిలో బరువు. పావుగంటకు అద్దుడు కాగితం మార్చి రాత్రంతా వదిలెయ్యాలి. గంజి పలచనైతే నీటి మరక అంచు కడుతుంది, చిక్కనైతే ఎండాక కాగితం ముడుచుకుంటుంది. మొదటిసారి చేసేవాళ్ళు తప్పకుండా ఈ రెంటిలో ఒకటి చేస్తారు, కనుక పనికిరాని పాత కాగితం మీద పదిసార్లు చేశాకే అసలుది ముట్టుకోండి.

నల్ల కవరు అరిగిన అంచులకు మార్కర్ పూయడం ఇంకో దురలవాటు. వాలు వెలుతురులో ఆ నలుపు ఊదాగానో, ఆకుపచ్చగానో మెరిసి, అమ్మేవాడి పరువు తీస్తుంది.

భద్రపరచడంలో వెలుతురే మొదటి శత్రువు. మ్యూజియంలు కాగితం మీది రంగులకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వవు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదంతా 50 లక్స్ పడితే 1,46,000 లక్స్-గంటలు. మన నడినెత్తి ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది, అంటే గంటన్నర ఎండలో ఏడాది ఖర్చయిపోతుంది. గోడకు మంచి కలర్ కాపీ తగిలించి అసలుది చీకట్లో పెట్టుకోవడమే నా సలహా. పెట్టే సంచి పాలియెస్టర్‌ది కావాలి. పీవీసీ సంచుల్లోని మెత్తదనం తెచ్చే నూనె పదార్థం బాల్‌పెన్ ఇంకును తన మీదికి లాగేసుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో వానాకాలం తేమ 65 శాతం దాటడం మామూలే, బూజు మొదలయ్యేది అక్కడే. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్, పక్కన తేమ చూపే చిన్న మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య నిలపాలి.

ఇళ్ళలో ఘంటసాల సంతకమో, బాలమురళీకృష్ణ సంతకమో ఉన్న పాత ఆటోగ్రాఫ్ పుస్తకాలకూ ఇవే లెక్కలు. ఇంకుపెన్నుతో పెట్టిన సంతకాలకు బీటిల్స్ బాల్‌పెన్ కంటే నీటి గండం ఎక్కువ. ఘంటసాల కన్నుమూసింది 1974 ఫిబ్రవరి 11న, సంతకం కింద తేదీ ఉంటే ముందు అది చూడండి. జిగురు పూసిన పేజీల మీద ప్లాస్టిక్ పొర పరిచే ఫోటో ఆల్బమ్‌లో ఉంటే ఆ పేజీని వంచి బలవంతంగా లాగకండి. పళ్ళు తోముకునే సన్నని దారాన్ని కాగితం కిందికి పోనిచ్చి, రంపంలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ విడదీయాలి.

మరమ్మతుకు ముందూ తర్వాతా ఫోటోలు తీయండి: ముందు వైపు, వెనక వైపు, వాలు వెలుతురులో, వెలుతురుకు ఎదురుగా, 365 దీపం కింద, పక్కన స్కేలు పెట్టి. ఏం చేశారో, ఏ జిగురో, ఏ తేదీనో ఒక చీటీ మీద రాసి, అమ్మేటప్పుడు దానితో పాటే ఇవ్వాలి. ఆ చీటీ పెన్సిలుతో, సంతకం ఉన్న కాగితాన్ని సంచిలో పెట్టకముందే రాయండి. సంచి మీద పెట్టి రాస్తే ఆ ఒత్తుడు కిందనున్న సంతకం మీదే దిగుతుంది, రేపు దాన్ని పరీక్షించేవాడు వాలు వెలుతురులో ముందు చూసేది ఆ నొక్కుడునే.